నార్వేలో కుటుంబంతో కొన్నేళ్ళు: కాపురం, విహారం, తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగరీత్యా రెండు మూడేళ్ళ కోసం నార్వేకు వస్తున్న తెలుగు కుటుంబాలు బయలుదేరే ముందు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. గుంటూరు నుంచి ఓస్లోకు వచ్చిన కొత్తలో మేమూ ఇవే అడిగాం. వాటిలో సగానికి జవాబులు దెబ్బ తిన్న తరువాతే తెలిశాయి కనుక, తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాను. రుసుములు, గడువులు మారుతూ ఉంటాయి. దరఖాస్తు పెట్టే రోజున ప్రభుత్వ సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

దిగిన మొదటి నెలలో ఏ పని ముందు చేయాలి, ఏ పని తరువాత చేయాలి?

ఇక్కడ ప్రతి పనికీ ఒక నంబరు కావాలి, ఆ నంబరు చేతికి రావడానికి ఒక వరుస ఉంది. ముందుగా, దేశంలో అడుగుపెట్టిన ఏడు రోజుల్లోపు పోలీసుల దగ్గర హాజరై వేలిముద్రలు, ఫోటో ఇచ్చి నివాస కార్డుకు నమోదు చేసుకోవాలి. ఓస్లో, బెర్గెన్, స్టవాంగెర్, ట్రోండ్‌హైమ్ వంటి ఊళ్ళలో విదేశీ ఉద్యోగుల కోసం ఒక ఉమ్మడి కేంద్రం ఉంటుంది. పోలీసు పని, పన్నుల శాఖ పని రెండూ అక్కడే పూర్తవుతాయి. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, అందుచేత విమానం టికెట్టు కొన్న రోజే దీన్నీ బుక్ చేసుకోవాలి. ఆరు నెలలకు మించి ఉండేవారు పన్నుల శాఖకు నివాసం మార్పు తెలియజేస్తే 11 అంకెల జాతీయ గుర్తింపు సంఖ్య వస్తుంది. తక్కువ కాలం ఉండేవారికి ఇచ్చేది డి నంబరు. అదీ 11 అంకెలే, కాకపోతే పుట్టిన తేదీలోని మొదటి అంకెకు 4 కలుపుతారు. 15వ తేదీన పుట్టినవారి నంబరు 55తో మొదలవుతుంది. మా ఆయన ఆ కాగితం చూసి అచ్చుతప్పు అనుకుని, దిద్దించడానికి మళ్ళీ వరుసలో నిలబడి వచ్చారు.

ఆ తరువాత తీసుకోవలసింది పన్ను కార్డు, ఇక్కడివారి మాటలో స్కట్టెకోర్ట్. ఇది లేకపోతే మొదటి జీతంలో యజమాని 50 శాతం పన్ను కోయక తప్పదు. ఎక్కువ కోసిన సొమ్ము తిరిగి వస్తుంది గానీ, ఇంటి అడ్వాన్సూ చలి బట్టల ఖర్చూ ఒకేసారి మీద పడే నెలలో సగం జీతంతో గడపడం చిన్న విషయం కాదు. ఇక భారత్ నుంచి వచ్చి మూడు నెలలకు మించి ఉండేవారు క్షయ పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. పిలుపు ఉత్తరం వస్తే కంగారు పడనక్కరలేదు, అది అందరికీ వచ్చేదే.

బ్యాంకు ఖాతా, బ్యాంక్‌ఐడీ, విప్స్ అంటే ఏమిటి? ఎన్నాళ్ళు పడుతుంది?

గుర్తింపు సంఖ్య వచ్చాక ఖాతా, ఖాతా వచ్చాక బ్యాంక్‌ఐడీ, అదీ వచ్చాక విప్స్. బ్యాంక్‌ఐడీ అంటే ఆన్‌లైన్‌లో మీరు మీరేనని నిరూపించే గుర్తింపు, అది లేనిదే డాక్టరు సైటు మొదలుకొని బడి సైటు దాకా ఏదీ సరిగా తెరుచుకోదు. విప్స్ మన ఫోన్‌పే లాంటిది. పిల్లల పుట్టినరోజు చందాలూ సంతలో ముల్లంగి కట్టా అన్నీ దానితోనే. ఇవన్నీ అమరడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు మన దేశపు ఫారెక్స్ కార్డు చాలు, నోట్లతో పని దాదాపుగా పడదు.

అద్దె ఇల్లు ఎలా వెతకాలి? డిపాజిట్ విషయంలో జాగ్రత్తలు ఏమిటి?

ఇళ్ళ ప్రకటనలు చాలావరకు ఫిన్ అనే సైటులోనే ఉంటాయి. మూడు నెలల అద్దెను డిపాజిట్‌గా అడగడం రివాజు, చట్టం ప్రకారం ఆరు నెలలకు మించకూడదు. అసలు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది: ఆ సొమ్ము ఇంటి యజమాని జేబులోకి పోకూడదు. అద్దెకు ఉండేవారి పేరు మీద తెరిచిన ప్రత్యేక డిపాజిట్ ఖాతాలోనే అది ఉండాలి, యజమాని తన ఇష్టానుసారం దాన్ని తీసుకోలేడు. మేము మొదటి ఇంట్లో, బ్యాంకు ఖాతా ఇంకా రాలేదన్న తొందరలో, ఆయన చెప్పిన ఖాతాకే పంపేశాం. మంచి మనిషిలాగే ఉన్నాడు, కాఫీ కూడా ఇచ్చాడు. ఖాళీ చేసేటప్పుడు పొయ్యి వెనుక గోడ మీది పసుపు మరకల పేరు చెప్పి మూడో వంతు పట్టుకున్నాడు. ఆ మరకలు మావే, కాదనను. కానీ ప్రత్యేక ఖాతా ఉండి ఉంటే కనీసం మా వాదన చెప్పుకునే వీలుండేది. ఇల్లు చూడకుండా, ఒప్పందం రాయకుండా ముందుగా డబ్బు పంపమనే ప్రకటన ఏదైనా సరే, వదిలేయండి. చేరిన రోజునే ప్రతి గదినీ ఫోటోలు తీసి ఇద్దరూ మెయిల్‌లో పంచుకోవడం మంచిది.

ఇండియా నుంచి ఏమి తెచ్చుకోవాలి? ఏవి తేకూడదు?

ముందు తేకూడనివి. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసిన పదార్థాలు తీసుకురావడం నిషిద్ధం. అంటే అత్తగారు కాచి ఇచ్చిన నెయ్యి, పాలకోవా, నేతితో చేసిన సున్నుండలు పెట్టెలో పెట్టుకోకూడదు. ఇక్కడి దుకాణాల్లో ఉప్పు లేని వెన్న దొరుకుతుంది, దాన్ని కాచుకుంటే నెయ్యి బాగానే వస్తుంది. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, చింతపండు మేము తెచ్చుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. జాడీ మూతకు మాత్రం నాలుగు చుట్లు టేపు వేయండి. రోజూ వాడే మందులుంటే ఇంగ్లీషులో రాసిన చీటీతో సహా తెచ్చుకోవాలి, అవీ మూడు నెలల వాడకానికి మించకూడదు.

వంటింటి సామాను గురించి ఒక మాట. ఇక్కడి ఇళ్ళలో చాలావరకు ఇండక్షన్ పొయ్యిలే. అల్యూమినియం కుక్కరు దాని మీద పెడితే పొయ్యి పలకనే పలకదు. కొనేముందు అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసుకోండి. మిక్సీ నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు, కరెంటు మన దగ్గరిలాగే 230 వోల్టులే. ప్లగ్గు ఆకారం మాత్రం వేరు, రెండు గుండ్రటి పుల్లలు ఉండే అడాప్టరు కావాలి. చలి కోటు, బూట్లు మాత్రం అక్కడ కొనకండి. ఎందుకో తరువాతి ప్రశ్నలలో ఒకచోట చెబుతాను.

ఈ చలిలో ఇడ్లీ పిండి పులుస్తుందా? పోపు పెట్టుకోవచ్చా?

పులుస్తుంది. రుబ్బిన పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడి వేయకుండా లోపలి దీపం ఒక్కటే వెలిగించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగి ఉంటుంది. పెరుగూ అలాగే తోడుకుంటుంది. దుకాణంలో నాతురెల్ అని రాసి ఉన్న చప్పటి యోగర్ట్ ఒక చెంచా తోడుకు చాలు. మజ్జిగ మీద మనసు పోయిన రోజున కుల్తూర్‌మెల్క్ అనే పుల్లటి పాలలో నీళ్ళు కలిపి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేస్తే తేడా కనుక్కోవడం కష్టం. కరివేపాకు, మునక్కాడలు, మినప్పప్పు ఓస్లోలోని గ్రోన్‌లాండ్ ప్రాంతపు దుకాణాల్లో దొరుకుతాయి.

పోపు సంగతి వేరు. ప్రతి ఇంటిలోనూ పొగ హెచ్చరిక యంత్రం ఉండాలన్నది చట్టం. ఎండుమిర్చి మాడిందంటే అది కేక పెడుతుంది. కొన్ని భవనాల్లో ఆ కేక మొత్తం మెట్లదారికంతా వినిపిస్తుంది. మా మొదటి ఉగాది నాడు పులిహోర పోపుకు నాలుగు అంతస్తుల వాళ్ళు చెప్పులతో కిందికి దిగారు, బయట మంచు కురుస్తోంది. అప్పటి నుంచి ముందు చిమ్నీ వేసి, కిటికీ తెరిచి, ఆ తరువాతే నూనె పెడుతున్నాం. యంత్రానికి గుడ్డ చుట్టడం, బ్యాటరీ తీసేయడం మాత్రం చేయకండి. ఇక్కడి ఇళ్ళు చాలావరకు చెక్కవి.

చలికి పిల్లలు తట్టుకుంటారా? ఏ బట్టలు కొనాలి?

పిల్లలు తట్టుకుంటారు, పెద్దలే నెమ్మదిగా అలవాటు పడతారు. చెడ్డ వాతావరణమంటూ లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి అన్నది ఇక్కడ ప్రతి తల్లీ చెప్పే మాట. ఒంటికి ఆనుకునేది ఉన్నిది కావాలి, నూలుది పనికిరాదు. నూలు చెమటను పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఆ తడే వణుకు పుట్టిస్తుంది. మేము హైదరాబాదులో ఎంతో ఖర్చుపెట్టి కొన్న థర్మల్స్ నూలువే. మొదటి వారంలోనే పాప టీచరు వాటిని మడిచి సంచిలో పెట్టి, ఉల్, అంటే ఉన్ని, అన్న ఒక్క మాట రాసిన చీటీతో తిప్పి పంపింది.

మెరినో ఉన్ని లోపలి జత, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్ స్వెట్టరు, పైన గాలీ నీరూ చొరని ఒంటిముక్క డ్రెస్సు, వానకు రబ్బరు లాంటి వేరే జత, రెండు జతల చేతి తొడుగులు పిల్లలకు కావాలి. అన్నిటి మీదా పేరు రాయాలి. ఇవన్నీ కొత్తవి కొననక్కరలేదు. పిల్లలు ఏటా ఎదుగుతారు కనుక వాడినవి అమ్మేవారు ఎక్కువ, కొనడంలో నామోషీ ఏమీ లేదు. పెద్దలు మరిచిపోకుండా కొనవలసినవి రెండు: బూట్ల కింద తొడుక్కునే ముళ్ళ పట్టీలు, వీటిని బ్రొడ్డెర్ అంటారు, చీకట్లో కారు దీపానికి మెరిసే రిఫ్లెక్స్ బిళ్ళలు. మంచు కురిసిన రోజు కన్నా, కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టిన మరునాటి ఉదయమే ఎక్కువ ప్రమాదం. రోడ్డు తడిసినట్టే కనిపిస్తుంది, కాలు పెడితే అద్దం.

పిల్లల చదువు ఎలా ఉంటుంది? ఏ వయసులో చేర్చాలి?

ఏడాది నిండిన పిల్లల నుంచి బర్నెహాగె, అంటే శిశు విహారం. 2025 ఆగస్టు నుంచి దాని గరిష్ఠ రుసుము నెలకు 1200 క్రోనర్లు. ఓస్లోలో ప్రధాన ప్రవేశానికి మార్చి 1 గడువు. మధ్యలో వచ్చినవారు ఖాళీని బట్టి చేరుతారు. ఆరేళ్ళు నిండే సంవత్సరపు ఆగస్టులో ఒకటో తరగతి, ప్రభుత్వ బడి ఉచితం. ఏడో తరగతి వరకు మార్కులు లేవు, ర్యాంకులు అసలే లేవు. మన దగ్గర నాలుగేళ్ళకే ఎక్కాలు అప్పజెప్పే పిల్ల ఇక్కడ బురదలో దొర్లి, చెట్టెక్కి, చేతిలో పుల్లతో ఇంటికి వస్తుంటే మొదటి ఆరు నెలలు తల్లిదండ్రులకు మనసు కుదుటపడదు. తిరిగి వెళ్ళి మన సిలబస్‌లో చేర్చే ఉద్దేశం ఉన్నవారు లెక్కలు, తెలుగు ఇంటి దగ్గర రోజూ అరగంట చెప్పుకుంటే సరిపోతుంది. బడిని మాత్రం బడిలాగే వదిలేయండి. నార్వేజియన్ పిల్లలకు కొద్ది నెలల్లోనే వచ్చేస్తుంది, ఆ తరువాత ఇంట్లో తెలుగు నిలబెట్టుకోవడమే అసలు పని.

మధ్యాహ్నానికి మాట్‌పక్కె కట్టివ్వాలి. రొట్టె ముక్కలు, వాటి మీద గోధుమ రంగు తియ్యటి బ్రూనోస్ట్ చీజ్, పక్కన క్యారెట్టు, ఇదే ఊరందరి పిల్లల డబ్బా. వేడి చేసుకునే వీలు సాధారణంగా ఉండదు కనుక పెరుగన్నం, చపాతీ చుట్ట, చల్లారినా బాగుండే నిమ్మకాయ పులిహోర నడుస్తాయి. శాకాహారులైతే చేరిన రోజే రాతపూర్వకంగా చెప్పండి, పండుగ రోజుల్లో పిల్లలకు పెట్టే పోల్సె అనే సాసేజీలో తరచుగా పంది మాంసం ఉంటుంది. కొనే సరుకుల మీద స్వీనె అంటే పంది, స్టోర్‌ఫే లేదా ఒక్సె అంటే గొడ్డు మాంసం, ఫిస్క్ అంటే చేప. మిఠాయిల మీద జెలటిన్ అన్న మాట కూడా చూసుకోవాలి.

బర్నెహాగెలో పసిపిల్లలను మంచులో బయట పడుకోబెడతారట, నిజమేనా?

నిజమే. బండిలో ఉన్ని సంచిలో చుట్టి, గాలి తగలకుండా కప్పి పడుకోబెడతారు, మధ్యమధ్య చూసి వస్తారు. బాగా చలి పెరిగితే లోపలికి తెస్తారు. మీకు ఇష్టం లేకపోతే చెప్పవచ్చు. మా అబ్బాయి మాత్రం ఇంట్లోకన్నా అక్కడే ఎక్కువ సేపు నిద్రపోయేవాడు.

పిల్లలను మందలిస్తే ప్రభుత్వం తీసుకుపోతుందని పత్రికల్లో చదివాం. భయపడాలా?

మాటతో మందలించడం ఎవరూ తప్పనరు. కొట్టడం మాత్రం, మెల్లగా ఒక దెబ్బ వేసినా, చట్టవిరుద్ధం. తల్లిదండ్రులు పిల్లలను శారీరకంగా దండించడాన్ని నార్వే 1987లోనే నిషేధించింది. నీ తాట తీస్తాను అని మనం అలవాటుగా అనే మాటను పిల్లలు అక్షరాలా అనువదించి టీచరుకు చెబితే అది నిజంగా బెదిరింపుగానే వినిపిస్తుంది, బడివారు అనుమానం కలిగితే బాలల సంక్షేమ శాఖకు తెలియజేయక తప్పదు. భయంతో దాక్కోవడం కన్నా టీచరుతో, ఆరోగ్య కేంద్రపు నర్సుతో మొదటి నుంచీ చనువుగా మాట్లాడుతూ ఉండడం, పిల్లలకు చేత్తో అన్నం కలిపి పెట్టడం, తల్లి పక్కన పడుకోబెట్టుకోవడం వంటి మన అలవాట్లను వారికి ముందే వివరించడం మేలు. మేము అలా చెప్పినప్పుడు వాళ్ళు నోరెళ్ళబెట్టలేదు, ఆసక్తిగా విన్నారు. పిల్లలను మూడేళ్ళు కొట్టకుండా పెంచిన తరువాత, ఇన్నాళ్ళూ ఎందుకు కొట్టామా అనిపించిందని చెప్పిన తండ్రులు మా పరిచయంలోనే ఇద్దరున్నారు.

ఒంట్లో బాగాలేకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

నివాసం నమోదైనవారందరికీ ఫాస్ట్‌లేగె అనే కుటుంబ వైద్యుడు ఉంటాడు, పేరు హెల్సెనోర్గె సైటులో కనిపిస్తుంది. నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోవడం కుదరదు, ఫాస్ట్‌లేగె రాసి పంపాలి. పెద్దలు ప్రతిసారీ కొంత రుసుము కడతారు, ఏడాదిలో ఒక పరిమితి దాటాక మిగతా కాలం ఉచితం. 16 ఏళ్ళ లోపు పిల్లలకు రుసుము లేదు, 18 ఏళ్ళ వరకు పళ్ళ వైద్యమూ ఉచితమే. రాత్రిపూటా సెలవు రోజుల్లోనూ 116117కు ఫోన్ చేస్తే లేగెవాక్ట్, అంటే అత్యవసర వైద్య సేవ, పలుకుతుంది. ప్రాణాపాయమైతే 113, పోలీసులకు 112, నిప్పు అంటుకుంటే 110. జ్వరం వచ్చిన రెండో రోజే యాంటీబయాటిక్ రాసిస్తారని ఆశించకండి. పారాసెట్, అంటే పారాసిటమాల్ మాత్ర, వేసి, నీళ్ళు తాగించి, కనిపెట్టి చూడమంటారు. మనకు అది నిర్లక్ష్యంగా తోస్తుంది, చాలాసార్లు వాళ్ళు చెప్పిందే జరుగుతుంది.

శీతాకాలపు చీకటిని ఎలా తట్టుకోవాలి?

డిసెంబరు చివర ఓస్లోలో ఉదయం తొమ్మిది దాటాక తెల్లవారి, మధ్యాహ్నం మూడున్నరలోపే పొద్దు గూకుతుంది. చలి కన్నా ఇదే మనవాళ్ళను ఎక్కువ కుంగదీస్తుంది, ముఖ్యంగా ఉద్యోగం లేక ఇంట్లో ఉండే భార్యనో భర్తనో. డాక్టరును అడిగి విటమిన్ డి వాడండి. మధ్యాహ్నం పన్నెండుకు, ఏ పని ఉన్నా సరే, ఒక అరగంట బయట నడవండి. నార్వేజియన్ తరగతిలోనో గ్రంథాలయపు కాఫీ కబుర్లలోనో చేరితే నలుగురు మనుషులు కనిపిస్తారు. జూన్‌లో ఇంతకు ఇంతా తిరిగి వస్తుంది: రాత్రి పదిన్నరకు పిల్లలు కిటికీలోంచి వెలుతురు చూపించి ఇంకా సాయంత్రమే కదా అని వాదిస్తారు. నల్లటి కర్టెన్లు అప్పుడు కావాలి.

ఓస్లోలోనే ఉండి, ఎక్కువ ఖర్చు లేకుండా పిల్లలతో చూడదగినవి ఏవి?

మొదటి ఏడాది దూరాలకు పోనక్కరలేదన్నది నా అభిప్రాయం. నెల పాసుతోనే చూడదగినవి చాలా ఉన్నాయి, ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్టే లేదు. విగెలాన్ పార్కులో 200కు పైగా శిల్పాలు ఉన్నాయి, ప్రవేశం ఉచితం, ఏ వేళ అయినా వెళ్ళవచ్చు. ఒకే రాతిలో 121 మానవ రూపాలు చెక్కిన స్తంభం ముందు పెద్దలు నిలబడిపోతారు, పిల్లలు మాత్రం కాలు నేలకేసి కొడుతున్న కోపిష్టి పిల్లవాడి కంచు బొమ్మ దగ్గరికి పరిగెడతారు. 2008లో తెరిచిన ఒపేరా భవనం పైకప్పు మీద నడవవచ్చు. దాని ఎదుటి డైఖ్‌మాన్ గ్రంథాలయంలో వానరోజు మొత్తం గడిపినా అడిగేవారు లేరు. నగర మందిరంలోకి ప్రవేశం ఉచితం. ఏటా డిసెంబరు 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేది ఆ హాలులోనే, 2014లో మలాలాతో పాటు మన కైలాష్ సత్యార్థి అందుకున్నదీ అక్కడే. రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో హోవెడోయా దీవి. 1147లో స్థాపించిన మఠపు శిథిలాల మధ్య పులిహోర పొట్లాలు విప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు మాకు దొరకలేదు. ఫెర్రీకి కూడా అదే పాసు చెల్లుతుంది.

టికెట్టు కొని చూడవలసినవాటిలో ఫ్రామ్ మ్యూజియం మొదటిది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సేన్ బృందం ప్రయాణించిన ఓడ అందులో ఉంది, ఎక్కి లోపలి గదులన్నీ తిరగవచ్చు. పక్కనే 1947లో పసిఫిక్ మీద 101 రోజులు సాగిన కోన్‌టికి తెప్ప. వైకింగ్ ఓడల మ్యూజియం పునర్నిర్మాణం కోసం 2022లో మూసేశారు, తెరిచిందో లేదో చూసుకుని వెళ్ళండి. శీతాకాలంలో మెట్రో ఒకటో లైను చివర ఫ్రోగ్నెర్‌సేతెరెన్‌లో దిగి, కోర్కెట్రెక్కెరెన్ అనే రెండు కిలోమీటర్ల జారుడు బాట మీద స్లెడ్జిలో కిందికి వచ్చి, మిడ్‌స్టూఎన్ స్టేషనులో మెట్రో ఎక్కి మళ్ళీ పైకి పోవచ్చు. మా పిల్లలు ఒక ఆదివారం ఏడుసార్లు తిరిగారు. హెల్మెట్టు తప్పనిసరిగా పెట్టండి, మలుపులు చిన్నవి కావు.

ఫ్యోర్డ్ చూడాలి. ఒక్కసారే వెళ్ళగలిగితే ఎక్కడికి?

వారం రోజుల్లో ఐదు ఫ్యోర్డులు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, చుట్టేసే పథకాలు చాలామంది వేస్తారు, పిల్లలు కారులో వాంతులు చేసుకున్నదే చివరికి గుర్తుంటుంది. నన్నడిగితే ఒక్క దారి: ఓస్లో నుంచి బెర్గెన్ రైలు ఎక్కి మిర్డాల్‌లో దిగి, ఫ్లోమ్ రైలు పట్టుకోండి. 1909లో పూర్తయిన బెర్గెన్ మార్గం 1222 మీటర్ల ఎత్తున ఫిన్సె దగ్గర చెట్టన్నది లేని మంచు మైదానం మీదుగా పోతుంది. పిల్లలతో వెళ్ళేవారు ఆట స్థలం ఉండే కుటుంబ పెట్టెలో సీట్లు ముందే తీసుకోవాలి. మిర్డాల్ నుంచి ఫ్లోమ్ వరకు 20 కిలోమీటర్లలో రైలు 860 మీటర్లకు పైగా దిగుతుంది, మధ్యలో ఖ్యోస్ జలపాతం దగ్గర ఆగితే తుంపరలు ముఖాన పడతాయి. ఫ్లోమ్‌లో రెండు రాత్రులు ఉండి, మరునాడు విద్యుత్ పడవలో గూద్‌వాంగెన్ దాకా వెళ్ళి రండి. ఆ దారిలోని నారోయ్ ఫ్యోర్డ్‌ను యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి వచ్చిన చోట పాపికొండలు గుర్తుకు రాని గోదావరి మనిషి ఉండడు, నీటి రంగు మాత్రం వేరు. ఓస్లోకు తిరిగి వచ్చేముందు బెర్గెన్ కూడా చూడండి, గొడుగు కాదు, వాన కోటు పట్టుకెళ్ళండి. రేవు ఒడ్డున బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళు 1979 నుంచి వారసత్వ స్థలం.

ప్రైకెస్టోలెన్, ట్రోల్‌టుంగా కొండలకు పిల్లలను తీసుకెళ్ళవచ్చా?

స్టవాంగెర్ దగ్గరి ప్రైకెస్టోలెన్ 604 మీటర్ల ఎత్తున ఉన్న రాతి పీట. రానూపోనూ 8 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. నడక అలవాటున్న ఎనిమిదేళ్ళ పిల్లలు వేసవిలో ఎక్కగలరు, పైన కంచె లేదు కనుక చేయి వదలకూడదు. ట్రోల్‌టుంగా పూర్తి పగటి నడక, దాన్ని పిల్లలు పెద్దయ్యాక పెట్టుకోండి. నార్వే పర్వత నియమాలలో ఒకటి, సమయానికి వెనుదిరగండి, తిరిగిరావడంలో సిగ్గు లేదు అంటుంది. మేము మొదటిసారి సగం దారిలో పొగమంచు కమ్మి వెనక్కి వచ్చాం. ఎదురైన ముసలాయన ఒకరు మమ్మల్ని మెచ్చుకుని, తన సంచిలోని నారింజపండు పిల్లలకు ఇచ్చారు.

అరోరా, అర్ధరాత్రి సూర్యుడు ఎప్పుడు కనిపిస్తాయి?

అరోరా అంటే రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు. ఇవి రెండూ ఒకే ప్రయాణంలో కావు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో మే 20 నుంచి జూలై 22 వరకు సూర్యుడు అస్తమించడు, ఆ వెలుతురులో అరోరా కనిపించదు. అరోరా కోసం సెప్టెంబరు చివరి నుంచి మార్చి వరకు వెళ్ళాలి, కనీసం మూడు నాలుగు రాత్రులు చేతిలో ఉండాలి, ఎందుకంటే మబ్బు పడితే ఆకాశంలో ఎంత ఆడినా మనకేమీ కనపడదు. మార్చి అయితే పగలు కూడా దొరుకుతుంది, పిల్లలకు సుఖం. ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా, సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ దేశాల పరిధిలో లేవు, పాస్‌పోర్టు మరిచి విమానాశ్రయానికి వెళ్ళకండి.

ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చంటారు, నిజమా? కారు నడపవచ్చా?

1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని అడవిలో, కొండల్లో ఎవరైనా తిరగవచ్చు. ఇళ్ళకు 150 మీటర్ల దూరం పాటిస్తే అనుమతి అడగకుండా ఒకేచోట రెండు రాత్రుల వరకు గుడారం వేయవచ్చు. అడవి బ్లూబెర్రీలు కోసుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు అడవిలో నిప్పు రాజేయడం నిషిద్ధం. భారత లైసెన్సుతో మూడు నెలలే నడపవచ్చు, ఆ తరువాత ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి, అది ఖరీదైన వ్యవహారం. రోడ్డుకు కుడి వైపున నడపాలి. రైలూ బస్సూ ఉండగా మేము ఆ జోలికి పోలేదు.

ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకోవచ్చా? ఎప్పుడు బాగుంటుంది?

సందర్శక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. మే రెండో వారంలో వచ్చేట్టు చూడండి. మే 17న, 1814 నాటి రాజ్యాంగానికి గుర్తుగా, రాజ్యాంగ దినోత్సవం. సైనికుల కవాతు కాదు, బడి పిల్లల ఊరేగింపు. ఓస్లోలో రాజకుటుంబం భవనం బాల్కనీ నుంచి చేతులూపుతుంది. ఇక్కడివారంతా బునాద్ అనే సంప్రదాయ దుస్తులు వేసుకుంటారు. మా అమ్మ వెంకటగిరి చీరలో, నాన్నగారు పంచెకట్టులో వస్తే దారిపొడవునా జనం ఇది మీ బునాదా అని అడిగారు. పెద్దవాళ్ళకు గుడి కావాలంటే, అమ్మెరూడ్‌లో శ్రీలంక తమిళుల సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉంది. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి కనుక పెరుగు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. మా నాన్నగారికి ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది పంట్ యంత్రం. ఖాళీ సీసాను ఆ యంత్రపు నోట్లో పెడితే చిన్నదానికి 2, పెద్దదానికి 3 క్రోనర్ల చీటీ ఇస్తుంది. మూడు నెలలూ ఆ డ్యూటీ ఆయనదే.

తిరిగి వెళ్ళేటప్పుడు చేయవలసిన పనులు?

దేశం విడిచిపోతున్నట్టు జనాభా నమోదు శాఖకు తెలియజేయాలి. కరెంటు, ఇంటర్నెట్ ఒప్పందాలు నోటీసు గడువు చూసుకుని ఆపాలి. పిల్లల టీకాల పట్టిక ఆరోగ్య కేంద్రం నుంచీ, ఏ తరగతి చదివారో చెప్పే పత్రం బడి నుంచీ ఇంగ్లీషులో అడిగి తీసుకోండి. మార్కుల జాబితా లేదేమని మన దగ్గరి బడివారు అడిగితే చూపడానికి అదొక్కటే ఆధారం. బ్యాంకు ఖాతాను మాత్రం వెంటనే మూయకండి. పన్ను లెక్కల పత్రం మరుసటి ఏడాది వస్తుంది, ఏప్రిల్ 30లోపు సరిచూసి పంపాలి, తిరిగి రావలసిన సొమ్ము ఆ తరువాత ఆ ఖాతాలోనే పడుతుంది.